నాన్నగారు నన్ను ‘మీరు’ అన్న రెండు రోజులు

ఆ రోజుల్లో మా అమలాపురం వైపు ‘ప్రకటనల కంపెనీలో ఉద్యోగం’ అంటే జనానికి రెండే రెండు తోచేవి. ఒకటి, నిచ్చెనెక్కి బస్టాండు గోడ మీద పళ్ళపొడి పేరు రాయడం. రెండోది, ఆటోకి మైకు కట్టించుకుని బట్టల కొట్టు తగ్గింపు ధరల గురించి వీధి వీధీ అరుచుకుంటూ పోవడం. ఇప్పుడంటే ప్రతి చేతిలోనూ ఫోనుంది, అందులో వద్దన్నా ప్రకటనలే. తొంభైల చివర్లో మాత్రం, నేను హైదరాబాదు వెళ్ళి ఆ పని నేర్చుకుంటానని చెప్పినప్పుడు మా ఇంట్లో మూడు రోజులు ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు. (నేను తిన్నాను. నాకు బెంగ పట్టుకుంటే ఆకలి ఎక్కువ.) కాలవ గట్టు పొడుగునా పాతిక ఎకరాల కొబ్బరి తోట, దాని వెనక వరి చేలు, మధ్యలో మండువా లోగిలి, వీటన్నిటికీ ఒక్కగానొక్క వారసుణ్ణి నేను. పుట్టిన దగ్గర్నుంచీ ఊళ్ళో అందరికీ ‘చినబాబు గారి’ని. అలాంటివాడు గోడలకి రంగులేస్తానంటే ఇంకేమైనా ఉందా? మామ్మ అయితే ఎవరో నాకు మందు పెట్టేరని తేల్చేసింది. నాన్నగారు మాత్రం అరవలేదు. ఆయన కోపం వస్తే గొంతు తగ్గిస్తారు. “ఏడాది ఇస్తున్నాను. ఏడాదిలో నువ్వక్కడ పనికొచ్చే మనిషివని నాకనిపిస్తే ఉండిపో. లేదంటే నోరు మూసుకుని వచ్చి తోట చూసుకో” అన్నారు. అంతే, లేచి చెయ్యి కడుక్కున్నారు.

హైదరాబాదులో నేను ఇంటర్వ్యూకి వెళ్ళిన కంపెనీ రెండు గదులది. దాన్ని నడిపే ఆవిణ్ణి అందరూ ‘మేడం’ అనేవారు. నాకంటే ముందు లోపలికెళ్ళినవాడు సొంత కారులో వచ్చేడు. పది నిమిషాల్లో ఎర్రటి మొహంతో బయటికొచ్చేడు. తలుపు వెనకనుంచి మేడం గొంతు నాకు స్పష్టంగా వినపడింది: “డబ్బున్నవాళ్ళ పిల్లలు నాకొద్దు బాబూ. రెండు నెలలు సరదా పడి మూడో నెల పారిపోతారు. ఇప్పటికి ముగ్గురికి నేర్పి నా గొంతు పోయింది.” ఆ తర్వాత నా వంతు. లోపలికెళ్ళి కూర్చోగానే ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, “మీ నాన్నగారేం చేస్తారు?” నాకు ఒక్క క్షణం కళ్ళ ముందు పాతిక ఎకరాలూ గిర్రున తిరిగేయి. “తోటలో పని చేస్తారండీ” అన్నాను. ఆవిడ మొహం మెత్తబడింది. “అయ్యో, పాపం. కష్టపడి చదివించేరన్నమాట” అని, మర్నాడు రమ్మంది. అబద్ధం ఆడలేదని నన్ను నేను ఎంత సమర్థించుకున్నా, ఆవిడ అప్పుడప్పుడూ తన డబ్బాలోంచి ఒక చపాతీ తీసి నా పళ్ళెంలో వేసినప్పుడల్లా తల దించుకుని నమిలేవాణ్ణి.

ఇక ఇంటికి చెప్పింది ఇంకో అబద్ధం. ఉద్యోగం పేరు ట్రైనీ. చేసే పని, షూటింగుల్లో వెండి కాగితం అంటించిన పెద్ద అట్ట ఎండకి ఎదురుగా పట్టుకుని నిలబడ్డం, మోడల్ అమ్మాయిలకి గొడుగు పట్టడం, ఫ్లాస్కులో టీ అయిపోతే నింపించడం. ఇంటికి ఉత్తరంలో మాత్రం ‘ఇక్కడ నా చేతి కింద నలుగురు పనిచేస్తున్నారు’ అని రాసేను. (ఆ నలుగురూ నిజంగానే ఉన్నారు. వరస మాత్రం తిరగబడింది.) ఇలా అటు వాళ్ళకి పేదవాణ్ణీ, ఇటు వీళ్ళకి మేనేజర్నీ అయ్యి, ఎవరికి ఏం చెప్పేనో మర్చిపోకుండా ఉండడమే పెద్ద ఉద్యోగంగా పదకొండు నెలలు గడిపేను.

పదకొండో నెలలో మా కంపెనీకి ఓ కొబ్బరినూనె ప్రకటన వచ్చింది. రాసేవాళ్ళు వేరే పనుల్లో ఉన్నారు. మేడం నన్ను పిలిచి, “నువ్వు కోనసీమవాడివి కదా, నువ్వే రాయి” అంది. ఆ రాత నా జీవితాన్ని మార్చేస్తుందనుకుని రెండు రోజులు కూర్చుని రాసేను. చెట్టు కింద ఓ తాతగారు, పక్కన పొడుగాటి జడ మనవరాలు. తాతగారు పచ్చటి బొండం తీసుకుని కత్తితో ఒక్క వేటు వేస్తారు. అందులోంచి బంగారు రంగు నూనె ధారగా మనవరాలి దోసిట్లోకి జారుతుంది. ఇంతే కథ. మేడం మెచ్చుకుంది. నూనె కంపెనీవాళ్ళు చప్పట్లు కొట్టేరు. పాతిక ఎకరాల కొబ్బరి తోట వారసుడు రాసింది, పైగా కోనసీమవాడు రాసింది, ఇంక తప్పేం ఉంటుంది? (పదో ఏట నుంచీ కాకినాడ హాస్టల్లో పెరిగిన నాకు కొబ్బరికాయతో ఉన్న పరిచయమల్లా ఇడ్లీ పక్కన పచ్చడిగానే.)

షూటింగు కోనసీమలోనే అన్నారు. మా ఊరు తప్పించాలని తెలివిగా, “రాజోలు వైపు తోటలు బావుంటాయండీ” అన్నాను. మా ఊరికి అదెంతో కొంత దూరం. మా ప్రొడక్షన్ మేనేజరుకి ఏ పని చెప్పినా ‘సర్దేద్దాం సార్’ అనడం అలవాటు, అందుకని అందరూ ఆయన్ని ‘సర్దేద్దాం గారు’ అనేవారు. ఆయన తోట వెతకడానికి ముందుగా వెళ్ళి, నాలుగు రోజుల తర్వాత ఫొటోలతో తిరిగొచ్చి బల్ల మీద పరిచేడు. “రాజోలు దాకా అక్కర్లేకపోయింది మేడం. అమలాపురం దగ్గరే దొరికింది. తోటా, కాలవా, పాతకాలం లోగిలీ ఒక్కచోటే. ఆసామీ ఎంత మర్యాదస్తుడండీ! మూడు పూటలా భోజనం పెట్టి పంపేడు” అన్నాడు. నేను వంగి చూసేను. ఫొటోలో మా మండువా. దండెం మీద ఆరేసిన మా అమ్మ ఆకుపచ్చ చీర. అరుగు మీద కూర్చుని, ఎవరో మర్యాదగా అడిగేరు కదా అని కెమెరాకేసి బిగదీసుకుని చూస్తున్న మా నాన్నగారు.

వెంటనే ఎస్టీడీ బూతుకి పరిగెత్తేను. ఆయనే తీసేరు. “ఎవరో హైదరాబాదు ప్రకటనలవాళ్ళు తోట అడిగేర్రా. నువ్వూ అదే లైను కదా, వాళ్ళెవరో నీకేమైనా తెలుసా?” అన్నారు సంబరంగా. “తెలుసండీ. మా ఆఫీసువాళ్ళే. నేనూ వస్తున్నాను” అన్నాను. ఆయన ఇంకా సంబరపడే లోపల ఊపిరి బిగబట్టి, “కానీ నాన్నగారూ, నేను మీ అబ్బాయినని మాత్రం వాళ్ళకి చెప్పకండి” అనేసేను. బూతులో బిల్లు ఎర్ర అంకెలు మారుతూనే ఉన్నాయి. చివరికి, బాగా తగ్గిన గొంతుతో, “ఏం, మేం బావోలేమా?” అన్నారు. అది కాదని, మేడం పెట్టిన రూలు ఇదనీ, నేను ఇంటర్వ్యూలో చెప్పింది ఇదనీ, తెలిస్తే ఆ పూటే నా ఉద్యోగం పోతుందనీ గబగబా ఏదో చెప్పేను. విన్నారో లేదో తెలీదు. “సరే” అని ఫోను పెట్టేసేరు. ఆ ‘సరే’ నాతో పాటు రైలెక్కి హైదరాబాదు నుంచి వచ్చింది.

రాజమండ్రిలో రైలు దిగి వ్యానెక్కేం. దారిలో ద్రాక్షారామంలో దర్శనం చేసుకోవాలని మేడం అనడంతో మా వ్యాను కోటిపల్లి రేవుకొచ్చింది. అక్కడ పంటు మీద గోదావరి దాటాలి. పంటు అంటే రెండు పడవల్ని కలిపి పైన బల్లలు పరిచి, మనుషుల్నీ మోటార్లనీ గేదెల్నీ ఒక్కసారే దాటించే ఏర్పాటు. మా ప్రకటనలో తాతగారి వేషానికని తెచ్చుకున్న పెద్దాయన, వ్యాను ముందు చక్రాలు బల్లెక్కగానే పంటు ఒక పక్కకి ఒరగడం చూసి, గట్టు మీదే ఆగిపోయేడు. “నాకు నీటి గండం ఉందండీ. జాతకంలో రాసేరు” అన్నాడు. రావులపాలెం మీదుగా రోడ్డున రమ్మంటే, “అక్కడా వంతెన కింద నీళ్ళేగా” అన్నాడు. ఎంత బతిమాలినా కదల్లేదు. మా పంటు కదిలేసరికి ఆయన రేవులో కాకినాడ బస్సెక్కడం కనపడింది. “తాతగారు లేకుండా ఎలాగయ్యా?” అంది మేడం. “సర్దేద్దాం మేడం” అన్నాడు సర్దేద్దాం గారు, మొట్టమొదటిసారి కొంచెం నీరసంగా.

మా ఇంటి ముందు వ్యాను ఆగేసరికి నాన్నగారు ఇస్త్రీ పంచె, చేతిలో కండువాతో గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఇంట్లో అమ్మా మామ్మా లేరు. మామ్మ నోట్లో మాట దాగదని, నా పేరున కల్యాణం చేయించాలన్న వంకతో అమ్మ ఆవిణ్ణి మురమళ్ళ వీరేశ్వరస్వామి గుడికి తీసుకెళ్ళిపోయిందిట. (పెళ్ళి కావలసినవాళ్ళ కోసం అక్కడ స్వామివారికి కల్యాణం చేయిస్తారు. మామ్మ రెండేళ్ళుగా అడుగుతున్నదే.) మర్నాడు సాయంత్రం దాకా రాకూడదని ఒప్పందం. నాన్నగారు అందరికీ నమస్కారాలు పెడుతూ వచ్చి నా ముందాగేరు. నా చేతుల్లో వెండి అట్ట, భుజాన రెండు గొడుగులు, మెళ్ళో టీ ఫ్లాస్కు. ఆయన చూపు పై నుంచి కింద దాకా ఓసారి నడిచింది. ‘చేతి కింద నలుగురి’ కోసం వెతికేరేమో కూడా. “దయచెయ్యండి బాబూ. తమరిదే ఊరండీ?” అన్నారు.

మేడమే అందుకుని, “మీ వైపువాడేనండీ. వాళ్ళ నాన్నగారు కూడా ఇలాగే తోటలో పని చేస్తారట” అంది. “ఆయ్, అలాగాండీ. అదృష్టవంతులండీ ఆయన” అన్నారు నాన్నగారు. ఆ పూటంతా అంతే. “తమరు ఎండలో నిలబడ్డారు, కాస్త మజ్జిగ పుచ్చుకోండి.” “తమరు ఆ కుర్చీ బరువు ఎత్తలేరేమోనండీ.” ఇరవై నాలుగేళ్ళలో ఆ నోట ‘ఒరేయ్’ తప్ప వినని నాకు ఒక్కొక్క ‘తమరూ’ ఒక్కొక్క మొట్టికాయలా తగిలేది. వేళాకోళం ఆడుతున్నారో, నిజంగా కోపమో పోల్చుకోలేకపోయేను. ఆయన ముందుగానే అందరికీ గట్టిగా చెప్పిపెట్టేరు కాబట్టి పనివాళ్ళు కూడా నన్నెవరూ గుర్తుపట్టలేదు. మా తోటలో నలభై ఏళ్ళుగా చెట్లెక్కి కాయలు దింపే పెద్దాయన, నన్ను చిన్నప్పుడు మెడ మీద ఎక్కించుకుని తిప్పినవాడు, మేమంతా ‘దింపు తాత’ అంటాం, ఆయన కూడా నన్ను చూసి చెయ్యెత్తబోయి, ఆ చెయ్యి గబుక్కున తల మీదకి తీసుకెళ్ళి గోక్కున్నాడు. “ఏవండీ హైదరాబాదు గారూ, బావున్నారాండీ” అన్నాడు.

మధ్యాహ్నం మేడం అరుగు మీద కూర్చుని నాన్నగారికి కథ చదివి వినిపించింది. బొండం, కత్తి వేటు, నూనె ధార. నాన్నగారు ఎంతో శ్రద్ధగా విన్నారు. “ఆయ్, చాలా బావుందండీ” అన్నారు. కండువా సర్దుకుని, “మరి బొండంలోంచి నూనె ఎలా తీస్తారండీ? మా తాతగారి దగ్గర్నుంచీ మేం ఇదే పనిలో ఉన్నామండీ, ఎవరికీ తెలిసింది కాదు. నేర్పుతారేమోనని” అన్నారు. దింపు తాత మొహం అటు తిప్పుకున్నాడు. అతని భుజాలు మాత్రం కదులుతున్నాయి. మేడం కాయితం కేసి చూసి, నా కేసి చూసి, “బొండంలో నూనె ఉండదా?” అంది. “నీళ్ళుంటాయండీ. తాగుతారండీ. కాయ ముదరాలి, ఎండాలి, అప్పుడండీ నూనె. ఇంతకీ ఇది రాసిన మహానుభావులెవరండీ?” అన్నారు నాన్నగారు. ఆవిడ నన్ను చూపించింది. నేల బద్దలైపోతే బావుండునని జనం ఎందుకంటారో నాకా రోజు అర్థమైంది.

నాన్నగారు నన్ను చూసేరు. ఇంతసేపూ ఆయన కంటి చివర ఆడిన వేళాకోళం అప్పుడు పోయింది. “కుర్రవారండీ. ఏ హాస్టల్లోనో పెట్టి చదివించి ఉంటారండీ. చూపించాల్సింది వాళ్ళ నాన్నగారు, చూపించలేదు. తప్పు ఆయనదేనండీ” అన్నారు మేడంతో. అని, ఆ వయసులో తనే నిచ్చెనేసుకుని అటక ఎక్కి, దుమ్ము కొట్టుకుపోయిన కాయలు రెండు పట్టుకుని దిగేరు. కోసి నెలల తరబడి అటక మీద వదిలేస్తే లోపల నీళ్ళన్నీ ఇగిరిపోయి, కొబ్బరి చిప్పని వదిలేసి గుండులా ఊడిపోతుంది. దాన్ని మేం కురిడీ కాయ అంటాం. మొదటిది మేడం చెవి దగ్గర పెట్టి ఊపేరు. గళగళమని నీళ్ళ చప్పుడు. “ఇది ఇంకా పలకలేదండీ. తొందరపడకూడదు.” రెండోది ఊపేరు. లోపల గుడుగుడుమని గుండు దొర్లింది. “ఇదిగోనండీ, పలికింది.” మేడం దాన్ని లాక్కుని పది సార్లు ఊపుకుంది, చంటిపిల్లకి గిలక్కాయ దొరికినట్టు. “ఒక్క గంట ఇస్తున్నాను. ఆ చెత్త చింపేసి దీన్ని రాసుకురా” అంది నాతో. పశువుల సావిట్లో కూర్చుని రాసేను. నిజానికి నేను రాసిందేం లేదు. తాత కాయ ఊపి ‘తొందరపడకు, ఇంకా పలకలేదు’ అంటాడు. మనవరాలి జడ పెరుగుతుంది. మళ్ళీ ఊపి, ‘ఆ, ఇప్పుడు పలికింది’ అంటాడు. అన్నీ నాన్నగారి మాటలే. చదివిన మేడం, “తాతగారు కూడా దొరికేడు” అని నాన్నగారి కేసి చూసింది. ఆయన వద్దనలేదు. ఇంటికొచ్చినవాళ్ళు ఏమడిగినా వద్దనడం ఆయనకి చేతకాదు.

ఆ రాత్రి మా ఇంటికి మైలు దూరంలో అమలాపురం లాడ్జిలో పడుకున్నాను. పొద్దున్న ఎండ రాగానే షూటింగు మొదలైంది. నాన్నగారు పంచె కట్టులో, చేతిలో కురిడీ కాయతో అద్భుతంగా ఉన్నారు. నోరు తెరిచే దాకా. “తొందరపడకండీ, ఇంకా పలకలేదండీ” అన్నారు మనవరాలి వేషం వేసిన అమ్మాయితో. మేడం ఆపి, “సార్, మనవరాల్ని అండీ అనకూడదు” అంది. “ఆయ్” అన్నారు. మళ్ళీ మొదలెట్టేరు. “తమరు తొందరపడకూడదండీ...” మేడం మళ్ళీ ఆపింది. “పరాయి ఆడపిల్లండీ, ఏకవచనం ఎలా అంటానండీ?” అన్నారు బాధగా. ఇలా పన్నెండు సార్లయింది. ఎండ నడినెత్తికొచ్చింది. ఆయన కణతల మీంచి చెమట కారుతోంది. నేను ఒక చేత్తో అట్ట పట్టుకుని, షాటు ఆగినప్పుడల్లా ఇంకో చేత్తో అమ్మాయికి గొడుగు పడుతూ, కెమెరా పక్కనే ఉన్నాను. అంతమంది ముందు నాన్నగారు తప్పు చేసి, సారీ చెప్పి, మళ్ళీ చెయ్యడం నేనెప్పుడూ చూడలేదు. ఇదంతా నా మూలాన్నే.

అప్పుడు మేడం ఆయన దగ్గరికెళ్ళి మెల్లిగా అడిగింది. “మీకు పిల్లలున్నారా సార్?” “ఒక్కడున్నాడండీ” అన్నారు. “అయితే ఈ అమ్మాయిని చూడకండి. కెమెరా పక్కన మా కుర్రాడున్నాడు కదా, వాణ్ణి చూడండి. వాడే మీ అబ్బాయి అనుకోండి. వాడికి చెప్తున్నట్టు చెప్పండి.” ఆయన నా కేసి తిరిగేరు. కాయ చెవి దగ్గర పెట్టుకుని ఊపేరు. రెండు రోజుల్లో మొదటిసారి నా కళ్ళలోకి చూసి, “తొందరపడకురా. ఇంకా పలకలేదు” అన్నారు. అంత మెత్తటి గొంతు నేను చిన్నప్పుడు టైఫాయిడ్ వచ్చినప్పుడు విన్నాను, మళ్ళీ అప్పుడే. ‘కట్’ చెప్పడం కూడా మర్చిపోయి మేడం చప్పట్లు కొట్టింది. “ఏం నటనండీ!” అన్నాడు సర్దేద్దాం గారు. నేను మొహానికి అట్ట అడ్డం పెట్టుకున్నాను.

రెండో మాట తీయడానికి సర్దుకుంటుండగా వీధిలో ఆటో ఆగింది. దిగినావిడ మామ్మ. సాయంత్రం దాకా ఆపుతానన్న అమ్మ, నేనేం చెయ్యనన్నట్టు చేతులు తిప్పుతూ వెనకాల దిగింది. మురమళ్ళలో ముందురోజు రాత్రే కల్యాణం అయిపోవడంతో మామ్మ, అక్షింతలు వెంటనే ఇంటికి చేరాలని పట్టుబట్టి వచ్చేసిందిట. తోట గుమ్మంలోంచి మామ్మ చూసిన దృశ్యం ఇది: ఒక్కగానొక్క మనవడు, మొహం కందిపోయి, ఎవరో అమ్మాయి నెత్తి మీద గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. “ఓరి భగవంతుడా! ఒరేయ్ నాన్నా, ఇదేం ఖర్మరా! నీ పెళ్ళి కోసం నేను స్వామివారికి కల్యాణం చేయించి వస్తుంటే, నువ్వు ఊరూ పేరూ తెలియని పిల్లకి గొడుగు పడుతున్నావా? ఇంత తోట ఉన్నవాడివి, నీకు గొడుగు పట్టేవాళ్ళే లేరా?” అని కెమెరా ముందు నుంచే నడిచొచ్చి, నా నెత్తి మీద గుప్పెడు అక్షింతలు చల్లి, కొంగుతో నా మొహం తుడిచి, నాన్నగారి మీదకి తిరిగింది. “ఆ కాయేమిటి? నువ్వేమిటి? కొడుకు ఎండలో మాడుతుంటే చోద్యం చూస్తున్నావా?”

దింపు తాత ఉన్నచోటే చతికిలబడి, “అమ్మయ్య! రెండ్రోజుల్నుంచీ చినబాబు గారిని హైదరాబాదు గారూ అనలేక చచ్చిపోతున్నామండీ” అన్నాడు. పక్కనున్న పనివాళ్ళందరూ ఒక్కసారి ‘ఆయ్’ అన్నారు.

మేడం నా ఎదురుగా వచ్చి నిలబడింది. “తోటలో పని చేస్తారన్నావు?” అంది. నేను జవాబు చెప్పే లోపల నాన్నగారే ముందుకొచ్చేరు. “చేస్తానండీ. పొద్దున్న లేస్తే తోటలోనేనండీ. వాడు అబద్ధం చెప్పలేదండీ. మొత్తం చెప్పలేదు, అంతే. తప్పేనండీ. కానీ ఆ పని మీద ఆశ కొద్దీ చెప్పలేదు గానీ, మోసం చెయ్యాలని కాదండీ” అన్నారు. ఇంకొకరి ముందు నా తరఫున ఆయన బతిమాలడం నాకు తట్టుకోవడం కష్టమైంది. “నాదే తప్పండీ మేడం. బయట కూర్చుని మీ మాట విన్నాను. డబ్బున్నవాళ్ళ పిల్లలు మూడో నెల పారిపోతారన్నారు. చెప్తే తీసుకోరని చెప్పలేదు” అన్నాను. ఆవిడ వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకుంది. “ఎన్నాళ్ళయింది నువ్వొచ్చి?” “పదకొండు నెలలండీ.” “ఇంత ఇల్లు పెట్టుకుని, ఆ అట్ట పట్టుకుని, పదకొండు నెలలా?” అని, నవ్వు ఆపుకోలేక పక్కనున్న దుంగ మీద కూలబడింది. “నేను భయపడింది పారిపోయేవాళ్ళ గురించి. నువ్వు పారిపోవడం కూడా చేతకానివాడివి. ఆ బొండం కథ రాసినందుకు మాత్రం ఆఫీసుకెళ్ళేక నీ పని చెప్తాను. పద పద, ఎండ పోతోంది. అట్ట ఎత్తు.” ఎత్తేను. ఆ అట్ట అంత తేలిగ్గా అంతకుముందెప్పుడూ లేదు. మామ్మ అడ్డం పడబోతే అమ్మ పట్టుకుని ఆపింది. నాన్నగారు రెండో మాట ఒక్కసారికే, అండీ లేకుండా, హాయిగా చెప్పేసేరు.

ఆ సాయంత్రం అందరూ మా మండువాలో ఆకులేసుకుని భోంచేసేరు. మేడం నా పక్కనే కూర్చుని, ఇన్నాళ్ళూ నాకు పెట్టిన చపాతీలన్నిటికీ బదులుగా మూడుసార్లు పనసపొట్టు కూర వేయించుకుంది. మర్నాడు పొద్దున్న సామాను ఎక్కిస్తుంటే నాన్నగారు నన్ను కాలవ గట్టు మీదకి తీసుకెళ్ళేరు. “నీ చేతి కింద నలుగురున్నారని రాసేవు” అన్నారు. “నేనే వాళ్ళ చేతి కిందండీ” అన్నాను. ఆయన నవ్వేరు. ఆయన నవ్వితే పొట్ట కదులుతుంది. ఆ సంగతి నేను మర్చిపోయేను. “ఫోన్లో నీ మాట వినగానే, మమ్మల్ని చెప్పుకోవడానికి నీకు సిగ్గేమో అనుకున్నాన్రా. అందుకే కాస్త ఏడిపించేను” అన్నారు. “మిమ్మల్నా? మీ సంగతి తెలిస్తే నన్నెక్కడ తీసేస్తారోనని గానీ...” అన్నాను. ఆయన గట్టు మీద గడ్డి పరక తెంపుతూ, “నిన్న పన్నెండు సార్లు తప్పు చెప్పేను. ఆవిడ ఒక్కసారీ విసుక్కోలేదు. పన్నెండు సార్లూ నువ్వు ఆ అట్ట దించలేదు. గోడలకి రంగులెయ్యడం అనుకున్నాను గానీ, ఇదీ పనేరా. ఉండిపో” అన్నారు. ఆ పరక కాలవలోకి విసిరి, “సెలవుల్లో వచ్చినప్పుడు మాత్రం నాతో తోటలో తిరుగు. బొండం నుంచి నూనె తీయకుండా ఉండేపాటి నేర్పుతాను” అన్నారు.

ఆ ప్రకటన టీవీలో వచ్చింది. నాన్నగారు మొత్తం కలిపి ఆరేడు సెకన్లు కనిపించేవారు. ఊళ్ళో కొన్నాళ్ళు ఆయన్ని ‘యాక్టరు గారూ’ అని పిలిచేరు. ఆయన కోప్పడినట్టే ఉండి వార్తల ముందు టీవీ దగ్గర సరిగ్గా ఆ వేళకే కూర్చునేవారు. నూనె ఎంత అమ్ముడైందో నాకు గుర్తులేదు. నేను మాత్రం ఆ పనిలోనే ఉండిపోయేను. సబ్బులకీ సిమెంటుకీ చీరలకీ ఎన్ని రాసేనో. పెద్ద గదీ, గది తలుపు మీద పేరూ వచ్చేయి. తోట ఇప్పుడు నాదే, ఏడాదికి నాలుగుసార్లు వెళ్ళి తిరుగుతాను. చెట్టుని చూసి కాయ ముదిరిందో లేదో చెప్పగలను, పదింట ఏడుసార్లు.

ఆ షూటింగు నుంచి తిరుగు ప్రయాణంలో, రావులపాలెం మీదుగా రాజమండ్రి వెళ్తూ, వ్యాను వెనక సీటులో లైట్ల పెట్టెల మధ్య, ఊరు దాటకుండానే నిద్రపోయేనట. మెళ్ళో ఫ్లాస్కు, జుట్టులో ఇంకా ముందురోజు అక్షింతలు, నోరు తెరుచుకుని. గోదావరి వంతెన వచ్చింది చూద్దువు గాని లేవమని సర్దేద్దాం గారు తట్టబోతే, మేడం వద్దందిట. అటు ఒకటీ ఇటు ఒకటీ చెప్పి, రెండూ గుర్తుపెట్టుకోలేక అలిసిపోయిన ఆ ఇరవై నాలుగేళ్ళ కుర్రాడు అప్పుడప్పుడూ జ్ఞాపకం వస్తాడు. అసలేం దాచనక్కర్లేదురా అని చెప్దామనుకుంటాను. కానీ అంత హాయిగా పడుకున్నవాణ్ణి లేపడానికి నాకూ చెయ్యి రాదు.